340 ఇష్యూలు, 41 ప్యాచ్‌లు... ఇప్పుడు ఎవరి వంతు?

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్ళని, ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే ఒక ఓపెన్ సోర్స్ టూల్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) నడుపుతున్నాం. ముగ్గురం ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాల్లో దీని పని చూసుకుంటాం. ఇప్పుడు మా కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో 340 ఇష్యూలు, అంటే జనం రాసిన ఫిర్యాదులు, ఓపెన్‌గా ఉన్నాయి, 41 పుల్ రిక్వెస్టులు, అంటే బయటివాళ్ళు మా కోడ్‌కి పంపిన మార్పులు (ప్యాచ్‌లు), పెండింగు, కొన్నైతే ఏడాది నాటివి. ఇవి కాక డీటీపీ చేసేవాళ్ళు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపిస్తూ ఉంటారు. పోయిన నెల ఒకబ్బాయి, చాలా బాగా కోడ్ రాసేవాడు, ఎనిమిది నెలలుగా తన ప్యాచ్ ఎవరూ చూడలేదని నాలుగు లైన్లు రాసి వెళ్ళిపోయాడు. ఒక ఫ్రెండేమో తప్పుల లెక్క రాసుకునే బగ్‌జిల్లా, ప్యాచ్‌లని రివ్యూ, అంటే పరిశీలన, చేసుకునే గెరిట్ మనమే పెట్టుకుందాం అంటాడు, ఇంకొకడు పాత ఇష్యూలన్నీ బాట్‌తో క్లోజ్ చేసేసి రివ్యూ ఏఐతో చేయిద్దాం అంటాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో 340 అన్న అంకె కన్నా ఆ వెళ్ళిపోయిన అబ్బాయి సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పన్నెండేళ్ళ కిందట నేను పంపిన మొదటి ప్యాచ్ కూడా ఒక ప్రాజెక్టులో ఏడు నెలలు అలాగే పడి ఉంది, ఏ ప్రాజెక్టో ఇక్కడ అనవసరం. రోజూ పొద్దున లేవగానే మెయిల్ చూసుకునేదాన్ని. బాగోలేదని చెప్పినా సరే అనిపించేది, బాగోలేదంటే సరిదిద్దుకుంటాం కదా, అసలు చూశారో లేదో తెలియకపోతే ఏం చేస్తాం చెప్పు. చివరికి తెలిసిందేంటంటే ఏదో ఒక ఆటోమేటిక్ టెస్ట్ ఫెయిలైందట, అక్కడి మెయింటెయినర్ (ప్రాజెక్టు నడిపే మనిషి) నేను సరిచేసి మళ్ళీ పంపుతానని చూస్తున్నాడట, నేనేమో ఆయన జవాబు కోసం చూస్తున్నా. ఏడు నెలలు ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఆయన చెడ్డవాడు కాదు, నేను బద్ధకస్తురాలిని కాదు, ఇప్పుడు ఎవరు కదలాలో ఆ టూల్‌లో ఎక్కడా కనిపించలేదు, అంతే.

అప్పట్నుంచి ఏ బగ్ ట్రాకర్ (తప్పుల చిట్టా) చూసినా, ఏ రివ్యూ టూల్ చూసినా నేను మొదట వెతికేది ఒక్కటే. ఈ ఇష్యూలో ఇప్పుడు ఎవరి వంతు? అది ఒక్క చూపులో తెలియాలి. కామెంట్లన్నీ మొదటి నుంచి చదివితే గానీ తెలియదంటే ఆ ట్రాకర్ ఎంత ఖరీదైనదైనా సరే అందులో పడ్డ బగ్ అటకెక్కిన సామానే.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు, పెద్ద ప్రాజెక్టులన్నీ ఎవరి దారిలో వాళ్ళు ఇక్కడికే వచ్చారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ళ బగ్‌జిల్లా చూడు, 1998 నుంచీ ఉంది, చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది గానీ అందులో నీడ్‌ఇన్ఫో అని ఒక ఫ్లాగ్ ఉంది, బగ్‌లో ఎవరి నుంచి సమాచారం కావాలో వాళ్ళ పేరు మీద ఆ ఫ్లాగ్ పెడతారు, వాళ్ళు జవాబిచ్చేదాకా అది వాళ్ళ ఖాతాలో కనిపిస్తూనే ఉంటుంది. "ఎవరైనా చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, పేరు పెట్టి అడిగితే చెప్తారు, మన ఊళ్ళో పెళ్ళి పనులైనా అంతే కదా. డెబియన్ అనే లినక్స్ వాళ్ళది 1990ల నాటి ట్రాకర్, మొత్తం ఈమెయిల్ మీదే నడుస్తుంది, బగ్ నంబరుకే ఒక మెయిల్ అడ్రస్ ఉంటుంది, అక్కడా మోర్‌ఇన్ఫో అనే ట్యాగ్ ఉంది, అంటే రిపోర్ట్ చేసినవాళ్ళు ఇంకొంచెం చెప్పేదాకా మేం ముందుకెళ్ళలేం అని. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్ళకైతే మనం అనుకునే బగ్ ట్రాకరే లేదు, మెయిలింగ్ లిస్టులోనే అంతా జరుగుతుంది, కానీ ప్యాచ్‌ల కోసం కమిట్‌ఫెస్ట్ అని ఒకటి పెట్టుకున్నారు, అందులో ప్రతి ప్యాచ్ పక్కనా రివ్యూ కావాలి, రాసినవాళ్ళ కోసం ఆగింది, కమిటర్‌కి (అసలు కోడ్‌లో చేర్చే మనిషికి) రెడీ అని స్థితి రాసి ఉంటుంది. గెరిట్‌లో అయితే 2020 చివర్లో 3.3 వెర్షన్‌తో అటెన్షన్ సెట్ అని తెచ్చారు, ఒక ప్యాచ్‌లో ఇప్పుడు కదలాల్సిన మనిషి పేరు పక్కన చిన్న గుర్తు వస్తుంది, ఆ మనిషి జవాబివ్వగానే గుర్తు అవతలివాళ్ళ పేరు మీదకి పోతుంది. పన్నెండేళ్ళ కిందట ఆ గుర్తొక్కటి ఉండుంటే నా ఏడు నెలలు మిగిలేవి.

కాబట్టి మీరు చెయ్యాల్సిన మొదటి పని కొత్త సర్వర్ కొనడం కాదు. ఉన్న గిట్‌హబ్‌లోనే నాలుగు లేబుళ్ళు పెట్టుకోండి, తెలుగులోనే పెట్టుకోండి, మీ టూల్ వాడేవాళ్ళు తెలుగువాళ్ళే కదా: "మా వంతు", "రాసినవాళ్ళ వంతు", "ఎవరైనా తీసుకోవచ్చు", "ఇది చెయ్యం". ఓపెన్‌గా ఉన్న ఏ ఇష్యూకైనా, ఏ పుల్ రిక్వెస్ట్‌కైనా ఈ నాలుగింటిలో ఒక్కటే ఉండాలి, రెండు ఉండకూడదు, అసలు లేకుండా ఉండకూడదు. రిపోర్ట్ చేసిన మనిషి కామెంట్ పెట్టగానే లేబుల్ దానంతటదే "మా వంతు"కి మారేలా గిట్‌హబ్ యాక్షన్స్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకోవచ్చు, పెద్ద పనేం కాదు. ఆ నాలుగో లేబుల్ గురించి మాత్రం గట్టిగా చెప్తా, చెయ్యం అని చెప్పడానికి మీరు ముగ్గురూ మొహమాటపడుతున్నారని 340 అన్న అంకే చెప్తోంది. చెయ్యలేనిది చెయ్యలేమని కారణం రాసి మూసెయ్యండి, అవతలివాళ్ళు కావాలంటే ఫోర్క్ చేసుకుంటారు (సొంత కాపీ తీసుకుని మార్చుకుంటారు), వాళ్ళని ఏడాది పాటు ఆశపెట్టడం మర్యాద కాదు.

మరి పాత 340 ఏం చెయ్యాలి అంటావా, కూర్చుని లెక్కేద్దాం. ఒక్కోదానికి మూడు నిమిషాలు, పరిష్కరించడానికి కాదు, చదివి లేబుల్ పెట్టడానికే, మొత్తం 1,020 నిమిషాలు, అంటే 17 గంటలు, ముగ్గురికి పంచితే మనిషికి ఐదు గంటల నలభై నిమిషాలు. నాలుగు ఆదివారాలు, వారానికి గంటన్నర కూడా పట్టదు. ముగ్గురూ ఒకే కాల్‌లో ఉండి చెయ్యండి, ఎందుకంటే "ఇలాంటిదే నేనొకటి చూశా" అన్న మాట నోట్లోంచి వచ్చినప్పుడే డూప్లికేట్లు దొరుకుతాయి, మీ టూల్ లాంటిదానిలో ఒకే ఒత్తు తప్పు పడి అది ఇరవై మందికి ఇరవై రకాలుగా కనబడి ఉంటుంది. ఆ నాలుగు వారాలు కొత్త కోడ్ ఎవరూ రాయొద్దు. కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు, ఉన్న కాస్త టైమూ ఇష్యూలు సర్దడానికి పోతే ఏడుపొస్తుంది, అయినా సరే చెయ్యండి.

బాట్‌తో పాతవన్నీ క్లోజ్ చేయించడం నాకు అస్సలు ఇష్టం లేదు. అరవై రోజులు ఎవరూ కదపలేదు కాబట్టి మూసేస్తున్నాం అని ఒక మెసేజ్ వస్తుంది చూడు, ఆ అరవై రోజులు కదపనిది ఎవరు? మీరే. ఒక పెద్దాయన తన పాత పుస్తకం ఫైల్ మార్చుకోలేక, ఎవరినో అడిగి గిట్‌హబ్ అకౌంట్ తెరిపించుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో బగ్ రాశాడనుకో, ఆయనకి మీ తరఫున అందే మొదటి పలకరింపు ఆ బాట్ మెసేజ్. "రాసినవాళ్ళ వంతు" లేబుల్ పడి, మనిషి అడిగిన ప్రశ్నకి రెండు నెలలు జవాబు లేకపోతే అప్పుడు బాట్ మూసినా అభ్యంతరం లేదు, అదీ మళ్ళీ తెరవడం ఎలాగో రాసి.

ఇక బగ్ రిపోర్టుల దగ్గరికొద్దాం, నీ ఉత్తరంలో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ఇదే. డీటీపీ వాళ్ళు స్క్రీన్‌షాట్ పంపుతున్నారు అన్నావు, తప్పు వాళ్ళది కాదు, మీరు ఏం కావాలో అడగలేదు. తెలుగు విషయంలో స్క్రీన్‌షాట్ ఎందుకు పనికిరాదో చెప్పడానికి 2018 ఫిబ్రవరిలో జరిగిన ఐఫోన్ గొడవ కన్నా మంచి ఉదాహరణ లేదు. ఒకే ఒక్క తెలుగు అక్షరం, జ్ఞా, మెసేజ్‌లో వస్తే యాప్ క్రాష్ అయిపోయేది గుర్తుందా? ఐఓఎస్ 11.2.5లో ఆ సమస్య ఉంది, అదే నెల 19న వచ్చిన 11.2.6తో సరిచేశారు. కానీ మనం మామూలుగా టైప్ చేసే జ్ఞాతో అది క్రాష్ అయ్యేది కాదు. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ తర్వాత దీర్ఘం, ఇలా ఐదు కోడ్‌లు ఇదే వరుసలో వస్తేనే. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపించొచ్చు, ఫొటో తీసి పంపితే ఆ కనపడని నాలుగోది ఎక్కడ దొరుకుతుంది? అందుకే మీ ఇష్యూ పేజీలో ఖాళీ పెట్టె తీసేసి ఫామ్ పెట్టండి. గిట్‌హబ్‌లో 2016లో ఇష్యూ టెంప్లేట్లు వచ్చాయి, అదీ చాలామంది మెయింటెయినర్లు కలిసి ఆ జనవరిలో బహిరంగ లేఖ రాశాక, సమాచారం లేని ఇష్యూలతో, ఊరికే ప్లస్ వన్ ("నాకూ ఇదే") కామెంట్లతో చచ్చిపోతున్నాం మొర్రో అని. ఇప్పుడైతే తప్పనిసరి గళ్ళతో పూర్తి ఫామే పెట్టుకోవచ్చు.

ఆ ఫామ్‌లో నాలుగే నాలుగు అడుగు. అను ఏ వెర్షన్, 6 నా 7 నా. ఫాంట్ పేరేంటి. తప్పొచ్చిన ముక్క, ఒక్క పదం చాలు, ఒరిజినల్ ఫైల్ నుంచి కాపీ చేసి. ఆ పదం అసలు ఎలా రావాలో చేత్తో టైప్ చేసింది. ఐదో ప్రశ్న అడక్కు, అడిగావంటే మొదటి నాలుగూ కూడా నింపరు. వాట్సాప్‌లో వచ్చేవాటిని ఆపొద్దు, డీటీపీ వాళ్ళు గిట్‌హబ్‌కి రారు, రమ్మనడం కూడా న్యాయం కాదు, వాళ్ళకి నిమిషం దొరికితే ఇంకో పేజీ చేసుకుంటారు, కాబట్టి వారానికొకళ్ళు వంతు వేసుకుని అదే నాలుగు ప్రశ్నలు వాట్సాప్‌లోనే అడిగి, ఫామ్ మీరే నింపి, ఆ ఇష్యూ లింకు వాళ్ళకి పంపండి. సరిచేశాక మళ్ళీ అక్కడే చెప్పండి, "మీరు చెప్పిన క్ష్మి ఒత్తు సరైంది, కొత్త వెర్షన్ ఇదిగో" అని. ఆ ఒక్క మెసేజ్‌తో వచ్చే నెల వాళ్ళు ఇంకా మంచి రిపోర్ట్ పంపుతారు, ఇది నా కళ్ళతో చూసినది.

పై నాలుగింటిలో చివరి రెండు గళ్ళు చూశావా, తప్పొచ్చిన ముక్క, రావాల్సిన ముక్క. అది బగ్ రిపోర్ట్ మాత్రమే కాదు, టెస్ట్ కేసు కూడా. ఆ జంటని అలాగే తీసి ఒక టెక్స్ట్ ఫైల్లో ఒక వరుసగా పెట్టేస్తే ప్రతి ప్యాచ్‌కీ అది పరిగెడుతుంది, ఒకసారి సరైన ఒత్తు మళ్ళీ చెడితే వెంటనే తెలిసిపోతుంది. కోడ్ రాయడం రాని డీటీపీ ఆపరేటర్ మీ ప్రాజెక్టుకి టెస్టులు రాస్తున్నట్టే కదా, ఆయన పేరు కంట్రిబ్యూటర్ల లిస్టులో పెట్టండి.

కానీ ఒక జాగ్రత్త, టెస్ట్ కోసం ఎవరో పంపిన బైనరీ ఫైళ్ళు (మనిషి చదవలేనివి) అలాగే రిపాజిటరీలో (కోడ్ దాచే చోట) వేసుకోవద్దు. 2024లో ఎక్స్‌జెడ్ సంగతి గుర్తు తెచ్చుకో. ఆ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి పెట్టారు, పెట్టిన కోడ్‌ని దాచింది ఎక్కడా అంటే టెస్ట్ ఫైళ్ళుగా వేసిన బైనరీల్లో, దాన్ని లేపే స్క్రిప్ట్ ముక్కేమో మార్పుల చరిత్ర ఉండే గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (జనానికి ఇచ్చే ప్యాకెట్‌లో) మాత్రమే ఉంది. రివ్యూ చేసేవాళ్ళు గిట్‌లో డిఫ్ (ఏ లైన్లు మారాయో) చూస్తారు, బైనరీ డిఫ్‌లో ఏం చదువుతారు, టార్‌బాల్ ఎవరు విప్పి చూస్తారు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను లేటవుతోందేంటని తవ్వబట్టి మార్చి 29న బయటపడింది. అందుకే మీ టెస్టులు మనిషి కంటితో చదివే టెక్స్ట్‌గా, కనపడని కోడ్‌లతో సహా కోడ్ నంబర్ల రూపంలో ఉండనివ్వండి, రిలీజ్ కూడా మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా గిట్‌లో ట్యాగ్ పెట్టిన చోటి నుంచే ఆటోమేటిక్‌గా బిల్డ్ అయ్యేలా పెట్టండి, రివ్యూ చేసిందీ జనం చేతికి వెళ్ళేదీ ఒకటే అవ్వాలి. ఆ కథలో ఇంకో ముక్క నన్ను ఎప్పటికీ వదలదు. అక్కడి అసలు మెయింటెయినర్ ఒక్కడే, జీతం లేకుండా, మనసు బాగోకపోయినా నడుపుకొస్తున్నాడు, 2022లో ప్యాచ్‌లు లేటవుతున్నాయని కొన్ని పేర్ల నుంచి ఒత్తిడి మీద ఒత్తిడి వచ్చింది, ఆ తర్వాతే కొత్త మనిషికి అధికారాలు వెళ్ళాయి, దొంగ దారి పెట్టింది ఆ పేరు మీదే. పెండింగు లిస్టు పెరిగితే పని ఆలస్యం అవడమే కాదు, అలిసిపోయిన మనిషి ఎవరిని నమ్మాలో కూడా అక్కడే తప్పుతాడు. మీరు ముగ్గురున్నారు, ఒకరిని ఒకరు చూసుకోండి.

"పోయిన వెర్షన్‌లో బానే ఉంది, ఇప్పుడు చెడింది" అన్న రిపోర్టులు మిగతావాటికన్నా ముందు తీసుకోండి, అవి తేలిగ్గా దొరుకుతాయి కూడా. గిట్ బైసెక్ట్ వాడితే వెయ్యి కమిట్లలో (కోడ్‌లో చేర్చిన మార్పుల్లో) తప్పు ఎక్కడ మొదలైందో పదిసార్లు చూస్తే చాలు, ప్రతిసారీ సగం పోతుంది కాబట్టి. లిబ్రే ఆఫీస్ వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు, కంపైల్ చేసేసిన పాత బిల్డ్‌లనే గిట్ రిపాజిటరీల్లో పెట్టి ఉంచారు, బైబిసెక్ట్ అంటారు, దాంతో కోడ్ రాని వాలంటీర్ కూడా ఏ మార్పు దగ్గర చెడిందో పట్టుకుని బగ్‌లో రాసేస్తాడు. మీ టూల్ చిన్నది, పాత రిలీజులన్నీ డౌన్‌లోడ్‌కి ఉంచి "ఏ వెర్షన్‌లో బాగుంది" అని అడగగలిగితే అదే చాలు. చెడగొట్టిన కమిట్ దొరికాక, సరిచేసే కమిట్‌లో దాని నంబర్ రాయండి, లినక్స్ కెర్నల్‌లో ఫిక్సెస్ అని ఒక లైన్‌లో పాత కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు నంబర్) మొదటి 12 అక్షరాలూ దాని టైటిలూ రాస్తారు, దాన్ని బట్టే పాత స్టేబుల్ వెర్షన్లలో ఏవేవి సరిచేయాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 41 ప్యాచ్‌లు. ఆదివారం కాల్ మొదలైన మొదటి అరగంట ప్యాచ్‌లకే, ఆ తర్వాతే సొంత కోడ్. అరగంటలో ఒకటి పూర్తిగా చూడలేకపోయినా పర్లేదు, "చూశాను, వచ్చే ఆదివారం పూర్తి చేస్తా" అని పేరు పెట్టి రాయండి, రాసిన మాట నిలబెట్టుకోండి. గూగుల్ తన ఇంజినీర్లకి రాసుకున్న నియమాల్లో రివ్యూ అడిగితే ఎక్కువలో ఎక్కువ ఒక పని దినంలో జవాబివ్వాలి అని ఉంది, అది జీతాలిచ్చే చోట, మనకి వారం అనుకుందాం. అదే నియమాల్లో ఒక మార్పుకి వంద లైన్లు ఫర్వాలేదు, వెయ్యి లైన్లు చాలా ఎక్కువ అని కూడా ఉంది. మీ 41లో వెయ్యి లైన్లవి ఉంటే చదవడానికి ప్రయత్నించొద్దు, విడగొట్టమని మర్యాదగా అడగండి, ఎలా విడగొట్టాలో మీరే చెప్పండి, ముందు మ్యాపింగ్ టేబుల్ మార్పు ఒకటి, తర్వాత దాన్ని వాడే కోడ్ ఒకటి అని.

స్పేసులు, బ్రాకెట్లు, పేర్లు పెట్టే తీరు గురించి మనిషి కామెంట్ రాయకూడదు. అది మిషన్ పని. కెర్నల్‌లో చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్ట్ ఎన్నో ఏళ్ళుగా అదే పని చేస్తోంది, పంపేవాళ్ళు పంపకముందే తమ దగ్గర నడుపుకుంటారు. మీరూ ఫార్మాటర్ ఒకటి పెట్టేసి తప్పులుంటే దానంతటదే సరిచేసేలా చెయ్యండి. ఒక కొత్త మనిషి రాత్రుళ్ళు కూర్చుని రాసి పంపితే వెళ్ళే మొదటి కామెంట్ "ఇక్కడ స్పేస్ ఎక్కువైంది" అయితే మనసు విరిగిపోతుంది. మొదటి కామెంట్ ప్యాచ్ చేస్తున్న పని గురించే ఉండాలి, అది కావాలా వద్దా, దారి సరైనదేనా. దారే తప్పయితే లైన్ లైన్‌కీ కామెంట్లు రాసి లాభం లేదు, ఆ మాటే ముందు చెప్పండి.

గిట్‌హబ్‌లో నిజంగా ఉన్న లోపం ఒకటి చెప్తా, మీ ఫ్రెండ్ గెరిట్ అనడంలో న్యాయం ఉంది. గెరిట్‌లో ప్రతి మార్పుకీ ఒక ఐడీ ఉంటుంది, ఎన్నిసార్లు సరిచేసి పంపినా అదే మార్పు కింద ఒకటో ప్యాచ్ సెట్, రెండోది, మూడోది అని వరుసగా నిలుస్తాయి, పోయినసారి నేను చూసినదానికీ ఇప్పటిదానికీ తేడా ఏంటో నేరుగా చూడొచ్చు. గిట్‌హబ్‌లో కంట్రిబ్యూటర్ ఫోర్స్ పుష్ చేస్తే (పాత కమిట్ల బదులు కొత్తవి పెట్టేస్తే) పాత కామెంట్లు దేని మీద రాశామో వెతుక్కోవాలి, రివ్యూ చేసేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చదవాలి, అందుకే రెండో రౌండ్ రివ్యూ అంటే అందరూ తప్పించుకుంటారు. దీనికి మందు, రివ్యూ నడుస్తున్నంతసేపు ఫోర్స్ పుష్ వద్దని, సరిచేసినవి వేరే కమిట్లుగా కింద చేర్చమని, మెర్జ్ చేసేటప్పుడు (అసలు కోడ్‌లో కలిపేటప్పుడు) మేమే ఒకటిగా కలుపుతామని కంట్రిబ్యూటింగ్ ఫైల్లో రాసి పెట్టడం. అప్పటికీ ఎవరైనా చేస్తే 2018లో గిట్ 2.19తో వచ్చిన రేంజ్ డిఫ్ కమాండ్ ఉంది, పాత ప్యాచ్ వరుసకీ కొత్త వరుసకీ తేడా చూపిస్తుంది, నేర్చుకోండి.

ముగ్గురే 41 చూడాలి అని ఎందుకు అనుకుంటున్నారు? పోస్ట్‌గ్రెస్ వాళ్ళ కమిట్‌ఫెస్ట్ ఏడాదికి ఐదుసార్లు జరుగుతుంది, జులై, సెప్టెంబర్, నవంబర్, జనవరి, మార్చి, అందులో ప్యాచ్ పెట్టినవాళ్ళు వేరేవాళ్ళ ప్యాచ్ ఒకటైనా రివ్యూ చెయ్యాలని ఆశిస్తారు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్ళడం ఉండేది కదా, నీ చేలో నాట్లకి నేనొస్తా, నా చేలో నాట్లకి నువ్వు రా అని, అచ్చం అదే. మీ 41 ప్యాచ్‌లు రాసినవాళ్ళకి రాయండి, "ఇంకొకరి ప్యాచ్ ఒకటి నడిపి చూసి చెప్పండి, మీది ముందు చూస్తాం" అని. సగం మంది ఒప్పుకున్నా మీ పని తగ్గుతుంది, దాంతోపాటు వచ్చే ఏడాదికి నాలుగో మెయింటెయినర్ ఎవరో కూడా అక్కడే తెలుస్తుంది. కెర్నల్‌లో మెయింటెయినర్స్ ఫైల్ అని ఏ ఫోల్డర్ ఎవరిదో రాసి ఉంటుంది, గిట్‌హబ్‌లో కోడ్‌ఓనర్స్ అనే ఫైల్ రాస్తే ఏ ఫాంట్ టేబుల్ మారితే ఎవరికి రివ్యూ రిక్వెస్ట్ వెళ్ళాలో అదే పంపేస్తుంది, పది లైన్ల ఫైల్.

ఏఐ గురించి. ఇష్యూలని విడదీసే పనికి మిషన్ బానే పనికొస్తుంది, మొజిల్లా వాళ్ళు 2019 నుంచి కొత్తగా వచ్చిన బగ్ ఏ విభాగానికి వెళ్ళాలో మెషిన్ లెర్నింగ్‌తో పెడుతున్నారు, గట్టి నమ్మకం ఉన్నప్పుడే కదుపుతుంది, లేకపోతే మనిషికి వదిలేస్తుంది. అలాంటి హద్దు ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఎనిమిది నెలలు ఎదురుచూసిన అబ్బాయికి కావాల్సింది ఒక మనిషి చదివాడన్న భరోసా, అది మిషన్ రాసిన నాలుగు పేరాల్లో దొరకదు. అవతలి వైపు నుంచి కూడా చూడు, ఇంటర్నెట్ నుంచి ఫైళ్ళు దించే కర్ల్ అనే టూల్ వాళ్ళు 2019లో మొదలుపెట్టిన బగ్ బౌంటీని (భద్రతా లోపం చూపితే ఇచ్చే బహుమతిని) 2026 జనవరితో ఆపేశారు, ఏఐతో పుట్టించిన ఉత్తుత్తి రిపోర్టులు చదివి చదివి అలిసిపోయి. రిపోర్ట్ పుట్టించడానికి నిమిషం, అది అబద్ధమని తేల్చడానికి మనిషికి సగం రోజు. మీ ఫామ్‌లో తప్పొచ్చిన ముక్క, రావాల్సిన ముక్క తప్పనిసరి చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, ఆ జంటని మీ టూల్ మీద నడిపితే నిజమో కాదో అక్కడికక్కడే తేలుతుంది.

టూల్ మార్చడం అన్నది ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడొచ్చు, కాదనను. వికీమీడియా 2014లో బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్ అనే టూల్‌కి వెళ్ళింది, లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 2018లో గిట్‌ల్యాబ్‌కి, పైథాన్ 2022లో తన ట్రాకర్ నుంచి గిట్‌హబ్‌కి వచ్చి పాతదాన్ని చదువుకోడానికి అలాగే ఉంచింది. ఫాబ్రికేటర్ తయారుచేసేవాళ్ళు 2021లో ఆపేశారు, దాని మీద రివ్యూలు చేసుకునే ఎల్ఎల్‌విఎమ్ అనే కంపైలర్ ప్రాజెక్టు 2023లో గిట్‌హబ్‌కి మారింది, ఒకదాని మీద ఒకటి ఆధారపడే ప్యాచ్‌ల వరుసలు ఇక్కడ కష్టం అని వాళ్ళలో చాలామంది మొత్తుకున్నా సరే. ఇవన్నీ వందల మంది ఉన్న ప్రాజెక్టులు. మీరు ముగ్గురు సొంత సర్వర్ మీద బగ్‌జిల్లా, గెరిట్ పెట్టుకుంటే వాటి అప్‌డేట్లు, స్పామ్ అకౌంట్లు, బ్యాకప్‌లు చూసుకోడానికే మీ ఆదివారాలు చాలవు. కోడ్ అయితే గిట్ వల్ల అందరి దగ్గరా కాపీ ఉంటుంది గానీ ఇష్యూలు, కామెంట్లు గిట్‌హబ్ దగ్గరే ఉంటాయి కాబట్టి వారానికోసారి వాటిని ఏపీఐతో (ప్రోగ్రామ్‌తో డేటా అడిగే దారి) దించి వేరే రిపాజిటరీలో పెట్టుకోండి, రేపు మారాలన్నా చేతిలో ఉంటాయి. ఈ నాలుగు లేబుళ్ళు ఆరు నెలలు నిజాయితీగా వాడాక కూడా గిట్‌హబ్ అడ్డం పడుతోంది అనిపిస్తే అప్పుడు మళ్ళీ రాయి, గెరిట్ గురించి కూర్చుని మాట్లాడదాం.

ఆదివారం దాకా ఆగకుండా ఈ రాత్రే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ అబ్బాయి ప్యాచ్ తెరువు. నీ మెషిన్ మీద నడిపి చూడు. ఎనిమిది నెలల్లో చుట్టూ కోడ్ మారిపోయి ఉంటుంది, రీబేస్ (ప్యాచ్‌ని ఇప్పటి కోడ్ మీదకి తేవడం) నువ్వే చెయ్, అతన్ని చెయ్యమనకు. గిట్‌లో రాసినవాళ్ళ పేరు వేరు, కమిట్ చేసినవాళ్ళ పేరు వేరుగా ఉంటాయి కాబట్టి రాసినవాళ్ళ చోట అతని పేరే ఉండేలా చూసుకో. టెస్టులు పాసైతే మెర్జ్ చేసి, కాకపోతే ఎక్కడ ఆగిందో కనుక్కుని, అతనికి ఇలా రాయి: "తమ్ముడూ, ఎనిమిది నెలలు నీ ప్యాచ్ చూడలేదు, తప్పు మాదే. ఇవాళ నడిపి చూశాను, ఫలానా ఫాంట్‌లో ఒత్తులు సరిగ్గా వస్తున్నాయి. రీబేస్ నేను చేశాను, నీ పేరుతోనే వెళ్ళింది. నువ్వు తిరిగి రావాలని అడగడానికి రాయట్లేదు, నీ పని జనానికి చేరిందని చెప్పడానికి రాస్తున్నా." దాని కింద ముగ్గురి పేర్లూ పెట్టండి.